బయటి నుంచి వచ్చిన స్టీరియో రిసీవర్‌ను వరంగల్ ఇంట్లో బిగించుకోవడం

ఉత్తర తెలంగాణ ఇళ్లలో కనిపించే స్టీరియో రిసీవర్లు చాలామటుకు బయటి నుంచి వచ్చినవే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు దుబాయ్, సౌదీ నుంచి వచ్చాయి. హన్మకొండ, కాజీపేట వైపు అమెరికాలో ఉన్న పిల్లల సామాన్లతో దిగాయి. యాంప్లిఫయరూ, రేడియో ట్యూనరూ ఒకే డబ్బాలో ఉండే ఈ యంత్రాలు గట్టివి. ముప్పై ఏళ్లు అటక మీద పడి ఉన్న సెట్టు కూడా జాగ్రత్తగా లేపితే హాలు నిండా పలుకుతుంది. కానీ ఇట్లాంటి సెట్టు కాలిపోయేది సాధారణంగా కిందికి దించిన మొదటి గంటలోనే. ఎన్ని వోల్టులదో చూడకుండా ప్లగ్గు పెట్టడం వల్లనో, స్పీకర్ టెర్మినల్ దగ్గర ఒక రాగి పోగు పక్కదానికి తగలడం వల్లనో కాలుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ గంట గురించే.

వెనక పలక చదవండి

సెట్టును వెనక్కి తిప్పి, కరెంటు తీగ లోపలికి పోయే చోట ఉన్న అక్షరాలు చూడండి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పలక మీద 220, 230, 240, లేదా 220–240 అని ఉంటే నేరుగా పెట్టుకోవచ్చు. అమెరికా సెట్టు మీద 120 అని, జపాన్ లోపల అమ్మిన సెట్టు మీద 100 అని ఉంటుంది. దుబాయ్, కువైట్‌లో మనలాగే 220–240 నడుస్తుంది కాబట్టి అక్కడి సెట్లతో ఇబ్బంది రాదు. సౌదీలో మాత్రం ఒకప్పుడు ఇళ్లకు 110, 127 వోల్టుల కరెంటు కూడా ఉండేది. "గల్ఫ్ సెట్టే కదా" అని నమ్మి పెడితే పొగ వస్తుంది.

గల్ఫ్ కోసం తయారైన చాలా సెట్లకు వెనక చిన్న వోల్టేజి సెలెక్టర్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తిప్పే గుండ్రటి బిళ్ల అది. ప్లగ్గు తీసేసి ఉన్నప్పుడే తిప్పాలి. మధ్యలో ఆగిపోకుండా 220 లేదా 240 గుర్తు దగ్గర టక్కున కూర్చోవాలి. రెండూ ఉంటే 240 మీద పెట్టడం మేలు, రాత్రిపూట లోడు తగ్గి వోల్టేజి పెరిగినా తట్టుకుంటుంది.

సెలెక్టర్ లేని 120 వోల్టుల సెట్టుకు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఎంత పెద్దది కావాలో కూడా పలకే చెబుతుంది. 180 వాట్లు అని ఉంటే 500 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క) తీసుకోండి. ఆంపియర్లలో రాసి ఉంటే వోల్టులతో గుణించండి, 120 వోల్టులకు 2.5 ఆంపియర్లు అంటే 300 వీఏ. పలక మీది లెక్కకు కనీసం ఒకటిన్నర రెట్లది కొనాలి. ప్రయాణాల్లో వాడే అరచేతి సైజు తేలికపాటి కన్వర్టర్లు ఇస్త్రీపెట్టెల కోసం చేసినవి, వాటిని రిసీవర్‌కు పెట్టొద్దు. చేతికి బరువు తెలియాలి, లోపల ఇనుప కోరు, రాగి చుట్టు ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. అమెరికా సెట్టు మీద "60 హెర్ట్జ్" అని ఒక్కటే రాసి ఉంటే మన 50 హెర్ట్జ్ మీద లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని 120 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కన్నా 110 ఇచ్చేది మంచిది. ఆ తేడాకు పాటల సత్తువ తగ్గినట్టు చెవికి తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది. జపాన్ 100 వోల్టుల సెట్టుకు 100 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే వేరుగా చుట్టించాలి.

మొదటి కరెంటు సిరీస్ బల్బు మీదుగా

ఏళ్లుగా కరెంటు చూడని సెట్టుకు ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇవ్వొద్దు. ఎలక్ట్రీషియన్ల దగ్గర సిరీస్ బోర్డు ఉంటుంది, లేకపోతే చేయించుకోవచ్చు. ఒక హోల్డరు, ఒక సాకెట్టు, ఫేజు తీగ హోల్డరులోని బల్బు గుండా సాకెట్టుకు పోవాలి, అంతే. బల్బు పాతకాలపు 100 వాట్ల ఫిలమెంటుది కావాలి, ఎల్ఈడీ పనికిరాదు.

స్పీకర్లు, యాంటెన్నా, మిగతా తీగలన్నీ తీసేసి, వాల్యూమ్ సున్నా మీద పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్క క్షణం భగ్గుమని వెలిగి, తర్వాత సన్నగిల్లి ఎర్రటి తీగలాగా మిగిలితే లోపల అంతా బాగున్నట్టు. పూర్తి వెలుగుతో అట్లాగే ఉండిపోతే సెట్టు లోపల షార్టు ఉంది. వెంటనే ఆపి రిపేరుకు పంపండి. బల్బే కరెంటును ఆపింది కాబట్టి అప్పటికి కొత్తగా కాలిపోయిందేమీ ఉండదు. బల్బు మీద పది పదిహేను నిమిషాలు ఉంచి, తర్వాత మామూలు సాకెట్టుకు (120 వోల్టుల సెట్టైతే ట్రాన్స్‌ఫార్మర్ మీదుగానే) మార్చండి.

ఇప్పుడు స్విచ్ వేసిన 3 నుంచి 5 సెకన్లకు లోపలి నుంచి "టక్" మని ఒక శబ్దం రావాలి. అది స్పీకర్లను కలిపే రిలే. యాంప్లిఫయర్ తనను తాను చూసుకుని, అంతా సరిగ్గా ఉందనుకున్నాకే ఆ రిలేను కలుపుతుంది. రిలే ఉన్న సెట్టులో స్పీకర్లు లేకుండా కూడా ఆ టక్కు రాకపోతే లోపల లోపం ఉన్నట్టే.

టక్కు వచ్చినా స్పీకర్లు తగిలించే ముందు ఇంకో రెండు నిమిషాల పని ఉంది. మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, స్పీకర్ 'ఎ' బటన్ నొక్కి, ఎడమ ఎరుపు–నలుపు టెర్మినళ్ల మధ్య, తర్వాత కుడి వాటి మధ్య కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే స్పీకర్లు తగిలించొద్దు. ఆ డీసీ కరెంటు పాట కాదు, స్పీకర్ కాయిల్‌ను మెల్లగా వేడిచేసే నిప్పు. మంచి స్పీకర్ల జత ధర ముందు మల్టీమీటర్ ధర ఎంత? ఈ పరీక్ష మాత్రం ఎవరూ ఎగ్గొట్టొద్దు.

స్పీకర్లు, వైరు

స్పీకర్ వెనక 8, 6, 4 ఓములని రాసి ఉంటుంది. రాత చెరిగిపోతే మల్టీమీటర్‌తో కొలవండి. 8 ఓముల స్పీకర్ మీటరు మీద 6 నుంచి 7 వరకు, 4 ఓములది 3 నుంచి 3.5 వరకు చూపిస్తుంది. రిసీవర్ వెనక టెర్మినళ్ల దగ్గర కూడా దానికి తగిన కనీస ఓములు అచ్చువేసి ఉంటాయి. అంతకన్నా తక్కువ ఓముల స్పీకర్ పెడితే కరెంటు ఎక్కువ లాగి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలతాయి.

'ఎ', 'బి' అని రెండు జతలకు చోటుంటే ఒక జత హాల్లో, ఇంకో జత వరండాలో పెట్టాలని అందరికీ ఉంటుంది. రెండూ కలిపి మోగిస్తే 8 ఓముల జతలు రెండు కలిసి 4 ఓములవుతాయి, 4 ఓముల జతలైతే 2కు పడిపోతాయి. "ఎ ప్లస్ బి" అన్నచోట ఒక్కో స్పీకర్ 8 ఓములకు తక్కువ ఉండొద్దని వెనక రాసి ఉండేది అందుకే. టెంట్‌హౌస్ వాళ్లు వాడే 100 వోల్టుల లైను హారన్లు, కాలమ్ స్పీకర్లు వేరే జాతివి, రిసీవర్‌కు తగిలించేవి కావు.

వైరు విషయంలో ఖరీదైన కేబుళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే స్వచ్ఛమైన రాగి ఫ్లెక్సిబుల్ వైరు, 1.5 చదరపు మి.మీ. సరిపోతుంది. మీటరుకు దాదాపు 0.013 ఓము నిరోధం ఉంటుంది. 5 మీటర్ల దూరానికి రానూపోనూ 10 మీటర్లు, అంటే 0.13 ఓము. 8 ఓముల ముందు అది లెక్కలోకి రాదు. 15 మీటర్లు దాటితే 2.5కు పోండి. రెండు వైపులా ఒకే పొడవు ఉంచితే చాలు, మిగిలింది చుట్టచుట్టి వెనక పెట్టుకోవచ్చు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు చవకగా అంటగడతారు, కోసిన చివర బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది.

తగిలించే పద్ధతి నెమ్మదిగా చేయాలి. సెట్టు ప్లగ్గు తీసి ఉండాలి.

1. చివర 1 సెం.మీ. మాత్రమే తోలు తీయండి. ఎక్కువ తీస్తే రాగి బయటికి కనిపించి పక్కదాన్ని తాకుతుంది.
2. పోగులన్నీ ఒకే దిక్కుకు గట్టిగా మెలిపెట్టండి. వీలైతే సన్నగా టంకం పూత వేయించండి, లేదా బనానా ప్లగ్గులు బిగించండి.
3. రిసీవర్ ఎరుపు నుంచి స్పీకర్ ఎరుపుకు, నలుపు నుంచి నలుపుకు. రెండు తీగలూ ఒకే రంగులో ఉంటే ఒకదాని మీద గీతో, రాతో ఉంటుంది, దాన్ని ఎరుపు అనుకోండి.
4. బిగించాక టార్చి వేసి చూడండి. ఒక్క పోగు కూడా మీసంలాగా బయటికి పొడుచుకు రావొద్దు. వెంట్రుకంత రాగి చాలు, వాల్యూమ్ పెంచిన క్షణాన ఎరుపును నలుపును కలిపేస్తుంది.

ఒక స్పీకర్‌కు ఎరుపు–నలుపు తారుమారైతే ఏమీ కాలదు, పాట మాత్రం చచ్చిపోతుంది. ఒక కోను ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, లోతు స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డప్పు పాట పెట్టి చూడండి. దెబ్బ గుండెకు తగలాల్సింది అట్ట మీద కొట్టినట్టు వినిపిస్తే, గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్యన నిలబడకుండా గది అంతా చెదిరిపోతే, ఒక స్పీకర్ వైరు తిప్పి తగిలించండి. గుర్తులు చెరిగిపోయిన స్పీకర్‌కు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం ఆనించండి. కోను ముందుకు కదిలితే సెల్ ప్లస్ తగిలిన టెర్మినలే ఎరుపు.

హాలు మాట వినాలి

యాంప్లిఫయర్ మార్చితే వచ్చే తేడా కన్నా స్పీకర్ ఒక అడుగు జరిపితే వచ్చే తేడా ఎక్కువ. రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కోదాని నుంచి మీరు కూర్చునే చోటికి దూరం, మూడూ దాదాపు సమానంగా ఉండాలి. 12 అడుగుల వెడల్పు హాల్లో 2 నుంచి 2.5 మీటర్లు కుదురుతుంది. వెనక గోడకు కనీసం ఒక అడుగు ఎడం ఇవ్వండి. మూలకు నెడితే బాస్ ఎక్కువవుతుంది కానీ బొయ్యిమని ఒకే స్వరం మోగుతుంది, డోలక్‌కూ మద్దెలకూ తేడా తెలియదు.

పై స్వరాలిచ్చే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, చెవి ఎత్తులో ఉండాలి. సోఫాలో కూర్చుంటే అది 90 నుంచి 100 సెం.మీ. మన ఇళ్లలో చాలామంది కిందే కూర్చుని వింటారు, అప్పుడు చెవి 75 సెం.మీ. దగ్గరికి వస్తుంది. ఎవరు ఎట్లా కూర్చుంటారో చూసి స్టూలు ఎత్తు నిర్ణయించండి. అలమర పైన పెట్టిన స్పీకర్లు ఫ్యానుకు పాట వినిపిస్తాయి, మనుషులకు కాదు.

గ్రానైట్ బండలు, టైల్స్, సున్నం గోడలు ఉన్న హాల్లో శబ్దం ఎగిరెగిరి పడుతుంది. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. "ట్రింగ్" మని తోక వినిపిస్తే మాటలు మసకగా ఉండటానికి కారణం అదే. దీనికి మందు మన దగ్గరే ఉంది. కొత్తవాడ నేతగాళ్ల చేతి షత్రంజీ ఒకటి స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద పరవండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీ ఇదే. దళసరి నూలు నేత పై స్వరాల ప్రతిధ్వనిని బాగా తాగేస్తుంది. ఎదుటి గోడకు ఒక మందపాటి పరదా, పక్కన పుస్తకాల అర ఉంటే ఇంకా మేలు. ఇంతదాకా చేశాక చప్పట మళ్లీ కొట్టి చూడండి, తోక తెగిపోయి ఉంటుంది.

వాట్ల గురించి ఒక మాట. స్థానిక మ్యూజిక్ సిస్టమ్ డబ్బాల మీద వేలల్లో పీఎంపీఓ వాట్లు రాస్తారు, దానికి అర్థం లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే సెట్టు ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు. మామూలు హాల్లో మనం వినే పాట ఒకటి రెండు వాట్లకు మించి తీసుకోదు. పక్కకు 30 నుంచి 50 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉంటే పండుగకు కూడా చాలు. అయితే బాస్ నాబ్ చివరి దాకా తిప్పితే ఆ లోతు స్వరాలు 10 డెసిబెల్స్ దాకా పెరుగుతాయి, అంటే వాటికి 10 రెట్లు వాట్లు కావాలి. అప్పుడు యాంప్లిఫయర్‌కు అందక అలల తలలు తెగిపోతాయి, ఆ తెగిన అలల వేడికి ముందు కాలేది ట్వీటరే. గొంతు బొంగురుపోయినట్టు వినిపించిన వెంటనే వాల్యూమ్ తగ్గించండి.

టీవీ, ఫోను, రికార్డు ప్లేయరు

సీడీ, ఆక్స్, టేప్ ప్లే అని రాసిన గుంతలన్నీ ఒకే రకం, దేనికైనా ఫోను, సెట్‌టాప్ బాక్స్, బ్లూటూత్ డబ్బా తగిలించుకోవచ్చు. 'ఫోనో' ఒక్కటి వేరు. రికార్డు ప్లేయర్ సూది ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం చేసిన గుంత అది. అందులో సీడీ ప్లేయర్ పెడితే పగిలిన మోత వస్తుంది, రికార్డు ప్లేయర్‌ను తెచ్చి ఆక్స్‌లో పెడితే పల్చగా దోమ పాటలాగా వినిపిస్తుంది. రికార్డు ప్లేయర్ సన్నని ఎర్త్ తీగను ఫోనో పక్కనున్న గ్రౌండ్ మరకు బిగించడం మరవొద్దు, హమ్మింగ్ సగం అక్కడే పోతుంది.

కొత్త టీవీకి ఆడియో గుంతలు లేకపోతే వెనక చిన్న ఆప్టికల్ రంధ్రం ఉంటుంది. ఆప్టికల్ తీగ, డిజిటల్ శబ్దాన్ని మామూలు ఆడియోగా మార్చే డీఏసీ డబ్బా ఒకటి, అక్కడి నుంచి ఆక్స్‌కు ఎరుపు–తెలుపు తీగ. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను 'పీసీఎం' మీద పెట్టాలి. 'ఆటో' లేదా 'బిట్‌స్ట్రీమ్' మీద ఉంటే నిశ్శబ్దమో, గరగరో వస్తుంది. ఫోను వాల్యూమ్ 80–90 శాతం దగ్గర ఉంచి మిగతాది రిసీవర్ నాబ్‌తో సర్దండి. ఫోను తక్కువ పెట్టి రిసీవర్ పెంచితే బుసే పెరుగుతుంది.

రేడియో

ఆకాశవాణి వరంగల్ 103.5 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. సెట్టుతో వచ్చిన 'టీ' ఆకారపు తీగ పోయి ఉంటే చేసుకోవచ్చు. ఒక్కో చేయి 69 సెం.మీ., రెండూ కలిపి 138. ఆ స్టేషన్‌కు సరిగ్గా కుదిరే కొలత అది. మధ్యలో నుంచి తీగను యాంటెన్నా టెర్మినళ్లకు తెచ్చి, చేతులు గోడ మీద అడ్డంగా పరిచి, అటూ ఇటూ తిప్పి చూసి మేకు కొట్టండి. గుట్ట చాటున ఉన్న ఇళ్లలో సిగ్నల్ నేరుగానూ, గుట్టకు తగిలి కూడానూ వచ్చి "స" అక్షరాలు చీలిపోతాయి. తీగ చోటు మార్చండి, అయినా పోకపోతే 'మోనో' బటన్ నొక్కండి, బుస వెంటనే తగ్గుతుంది.

అమెరికా సెట్టుతో ఒక చిత్రమైన సమస్య ఉంది. దాని డిజిటల్ ట్యూనర్ మీడియం వేవ్‌లో 10 కిలోహెర్ట్జ్ అంగలు వేస్తుంది, మన స్టేషన్లు 9 అంగల మీద ఉంటాయి. హైదరాబాద్ కేంద్రం 738 అయితే సెట్టు 730 దగ్గర ఆగుతుంది, తర్వాత 740. మధ్యలో పట్టదు, గొంతు గీరుకుపోతుంది. ఎఫ్ఎంలో కూడా కొన్ని సెట్లు బేసి దశాంశాల మీదనే ఆగుతాయి. 103.5 దొరుకుతుంది, హైదరాబాద్ వివిధభారతి 102.8 దొరకదు. వెనక '9/10' అని చిన్న స్విచ్ ఉందేమో వెతకండి. కొన్నింట్లో ఒక బటన్ పట్టుకుని పవర్ వేస్తే మారుతుంది. ముల్లు కదిలే పాత డయల్ సెట్లకు ఈ బాధే లేదు. అమెరికా ట్యూనర్‌లో పాట కొంచెం మబ్బుగా వినిపిస్తే ట్రెబుల్ కాస్త పెంచండి, అక్కడి ప్రసార పద్ధతికీ ఇక్కడి దానికీ పై స్వరాల దిద్దుబాటులో తేడా ఉంది.

మీడియం వేవ్‌లో గరగర వస్తే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. దొంగ అక్కడే దొరుకుతుంది. వానాకాలంలో ఉరుములు మొదలవగానే ప్లగ్గు, బయటి యాంటెన్నా రెండూ తీసేయాలి.

మోగకపోతే, గుయ్‌మంటే

లైట్లన్నీ వెలుగుతూ శబ్దం లేకపోతే రిపేరుకు మోసే ముందు 'టేప్ మానిటర్' బటన్ చూడండి. అది నొక్కి ఉంటే సెట్టు లేని టేప్ రికార్డర్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తర్వాత స్పీకర్ 'ఎ' బటన్, మ్యూట్, హెడ్‌ఫోన్ గుంత. ఇంకా రాకపోతే వెనక 'ప్రీ అవుట్', 'మెయిన్ ఇన్' అన్న గుంతల మధ్య ఉండాల్సిన యూ ఆకారపు లోహపు కడ్డీలు చూడండి. అవి ఊడిపోయిన సెట్టు అసలు పలకదు. మామూలు ఎరుపు–తెలుపు తీగ పొట్టిది పెట్టినా పనిచేస్తుంది.

ఎప్పుడూ గుయ్‌మని హమ్మింగ్ ఉంటే టీవీ కేబుల్ వాళ్ల కోయాక్స్ తీగ టీవీ నుంచి పీకి చూడండి. ఆగిపోతే రెండు ఎర్త్‌ల మధ్య కరెంటు తిరుగుతోందని అర్థం. టీవీని ఆప్టికల్ మీదికి మార్చండి, అందులో వెలుగే తప్ప కరెంటు పోదు. హమ్మింగ్ కోసం ప్లగ్గు మూడో పిన్ను పీకేయడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని. కరెంటు పోయినప్పుడు మాత్రమే మోత వస్తే మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, రిసీవర్‌ను ఇన్వర్టర్ లేని సాకెట్టుకు మార్చండి.

నాబ్ తిప్పుతుంటే గరగర, ఒక పక్క స్పీకర్ వచ్చీ పోతూ ఉండటం పాత సెట్లకు మామూలే, లోపల దుమ్ము, తుప్పు. ప్లగ్గు తీసి, ఒక అరగంట ఆగి, మూత విప్పి, నాబ్ వెనక రంధ్రంలోకి ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ ఒక్క పిచికారీ కొట్టి, నాబ్‌ను 30 సార్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. తలుపు కీళ్లకు కొట్టే నూనె స్ప్రే వాడొద్దు, జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి, సిగరెట్ రేకు, రాగి పోగు కుదరవు.

ఎండాకాలం రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. మూసిన అలమరలో రిసీవర్‌కు ఊపిరాడదు. పైన కనీసం 10 సెం.మీ. ఖాళీ వదలండి, మూత మీద సెట్‌టాప్ బాక్సు, పూలకుండీ, గుడ్డ ఏదీ పెట్టొద్దు. సెట్టు వేడికి ఆశపడి చలికాలం బల్లులు గాలి రంధ్రాల గుండా లోపలికి దూరి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన షార్టు చేస్తాయి. దోమల జాలీ ముక్క ఒకటి రంధ్రాల మీద వదులుగా కప్పండి, గాలి ఆడుతుంది, బల్లి దూరదు. ఏడాదికోసారి ఆ జాలీ తీసి దులపండి.